సగం పెట్టె యుద్ధం

రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మేష్టరుకి లోకంలో రెండే భయాలు. ఒకటి, ఏటేటా పెన్షనువాళ్ళకి తాను బతికే ఉన్నానని రుజువు చూపించవలసి రావడం. రెండోది, వేసవి సెలవులకి వచ్చిన మనవడు పక్కన చేరి "తాతయ్యా, నాకొకటి కావాలి" అనడం. మొదటిదానికి వేలిముద్ర వేస్తే చాలు. రెండోదానికి చెయ్యంతా జేబులోకి వెళ్ళాలి.

కిందటేడు మే నెలలో మా మనవడు బెంగుళూరు నుంచి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. వచ్చిన మూడోనాడే అరుగు మీద నా పడకకుర్చీ పక్కన చేరి ఆ మాట అన్నాడు.

"ఏం కావాల్రా?" అన్నాను, ఏ క్రికెట్ బ్యాటో అనుకుని.

"సైన్యం" అన్నాడు.

నూజెండ్లలో మే నెల మధ్యాహ్నం మనిషికి మజ్జిగ తప్ప మరో కోరిక పుట్టదు. అలాంటి వేళ సైన్యం కావాలన్నవాణ్ణి మొదట వడదెబ్బ తగిలిందేమోనని అనుమానించాను. తర్వాత ఆలోచిస్తే వాడి తప్పేమీ కనిపించలేదు. కోడిపుంజుల పందెంలో ఓడి రాజ్యం విడిచి ఏడేళ్ళు వలస పోయిన వీరుల సీమ ఇది. మా నూజెండ్ల 2022 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఏప్రిల్లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక మేమూ కాగితాల మీద పల్నాటివాళ్ళమయ్యాం. గాలిలో ఏదో ఉంటుంది కాబోలు, పిల్లవాడికి బస్సు దిగగానే అంటుకుంది.

విచారణ చేస్తే తెలిసిందేమిటంటే, అది బల్ల మీద ఆడే యుద్ధమట. బొటనవేలి కణుపంత ఎత్తు బొమ్మలు. వాటిని ఊరికే కొని తెచ్చి నిలబెట్టడం కాదు. ముక్కలు ముక్కలుగా ప్లాస్టిక్ చట్రాల్లో వస్తాయి. కత్తిరించి, అరగదీసి, జిగురు పెట్టి అతికించి, రంగులు వెయ్యాలి. అప్పుడు గుట్టలూ గోడలూ పేర్చిన బల్ల మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, అంగుళాల టేపుతో కొలిచి సైన్యాన్ని నడుపుతారు. బాణం తగిలిందా లేదా అన్నది పాచికలు చెబుతాయి. ప్రతి బొమ్మకీ ఒక విలువ ఉంటుంది, దాన్ని పాయింట్లంటారు. వెయ్యి పాయింట్ల ఆట అంటే ఇద్దరూ వెయ్యికి మించకుండా సైన్యాన్ని కూర్చుకోవాలి. ఒకడి దగ్గర పది మంది మహావీరులుండవచ్చు, రెండోవాడి దగ్గర వంద మంది బంట్లుండవచ్చు. తూకం మాత్రం సమానం.

"ఈ పద్ధతి నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదిరా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఆ కథ తర్వాత చెబుదామని ధర అడిగాను. అర్థం కాకపోవడం అప్పుడు నా వంతయింది.

పోటీలకి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా రెండు వేల పాయింట్ల సైన్యంతో వెళతారట. అదంతా కొత్తగా కొనాలంటే పదుల వేలలో మాట. నేను ఉద్యోగంలో చేరిననాడు నాకిచ్చిన జీతంతో అందులో ఒక గుర్రం కాలు కూడా వచ్చేది కాదు. "మీ నాన్న ఏమన్నాడు?" అని అడిగితే "మార్కులొస్తే చూద్దామన్నారు" అన్నాడు. మావాడికి నేను చిన్నప్పుడు చెప్పిన మాటే అది. ఇన్నాళ్ళకి తిరిగి నా ఇంటికే చేరింది.

అయితే నా మనవణ్ణి మెచ్చుకోవాలి. వాడు డబ్బుందన్న ధీమాతో రాలేదు, లెక్క వేసుకుని వచ్చాడు. ఒక నోటు పుస్తకం తీశాడు. అందులో ఉన్న పొదుపు సూత్రాలు చూస్తే మా ఆవిడే రాయించిందేమోనని అనుమానం వచ్చింది. ఒకేసారి సైన్యమంతా కొనకూడదు. మొదట చిన్న దళం కొని, దానికి రంగులు వేసి, దానితో పది ఆటలు ఆడాకే రెండోది. అట్టపెట్టెల్లోనే పడి ఉన్న బొమ్మ ఎంత ఖరీదుదైనా ఆటకి పనికిరాదు. పాతవి అమ్మేవాళ్ళుంటారు, రంగు పాడైతే గీకి మళ్ళీ వేసుకోవచ్చు. పదిహేను రంగుసీసాలు అక్కర్లేదు, అయిదు చాలు, మిగతావి కలిపితే వస్తాయి. కొనేముందు ఆ ఆట మనకి నచ్చుతుందో లేదో కాగితం ముక్కలతో ఆడి చూసుకోవాలి.

ఈ చివరి సూత్రం దగ్గర నాలో మేష్టరు లేచి కూర్చున్నాడు. కాగితం ముక్కలెందుకు? పాలుపోసే ఆయన చొప్పవామి నుంచి నాలుగు జొన్న దంట్లు తెప్పించాను. మా చిన్నతనంలో ఆట వస్తువుల కొట్టంటే అదే. పైపెచ్చు చీల్చితే గట్టి పుల్లలొస్తాయి, లోపల తెల్లటి బెండు. బెండుకి పుల్లలు గుచ్చితే ఎద్దులబండి, కళ్ళజోడు, తక్కెడ, ఏదడిగితే అది. ఏభై ఏళ్ళు దాటినా వేళ్ళు మర్చిపోలేదు. సాయంత్రానికి నలభై మంది బెండు భటులు చెరువు బంకమట్టి పీటల మీద నిలబడ్డారు. తలకి చింతగింజ అంటించినవాడు దళపతి.

"పేర్లు పెట్టు తాతయ్యా" అన్నాడు.

పల్నాటివాడికి పేర్లకేం కరువు? ఒక పక్క బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు. మరో పక్క నలగామరాజు, నాయకురాలు నాగమ్మ, నరసింగరాజు. అప్పుడు కథ చెప్పాను. నలగాముడూ మలిదేవుడూ ఒక తండ్రి బిడ్డలే. గురజాల ఒకరిది, మాచర్ల ఒకరిది. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్ళు వలస పోయారు. గడువు తీరాక రాజ్యమడగడానికి రాయబారం వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆపైన కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, అన్నదమ్ముల సైన్యాలు రెండూ నాశనమయ్యాయి. ఇది 12వ శతాబ్దం నాటి మాట. కారెంపూడి వీరుల గుడిలో నేటికీ కార్తీక అమావాస్యకి తిరునాళ్ళు మొదలుపెట్టి అయిదు రోజులు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. చిత్రమేమిటంటే యుద్ధమంతా అయిదు రోజుల్లోకి కుదించి, ఏటా మళ్ళీ ఆడతారన్నమాట.

"మరి ఎవరు గెలిచారు?" అన్నాడు వాడు.

"ఇంటి దగ్గర ఎవరు మిగిలారని అడగాలి" అన్నాను.

మా ఆవిడ లోపలినుంచి "ఆ ముక్క మీకు తెలియడమే ఆశ్చర్యం" అంది. ఎందుకన్నదో తర్వాత చెబుతాను.

ఈ బల్లమీది యుద్ధాలు కొత్తవి కావట. చతురంగ బలాలని చదరంగంలో పెట్టినవాళ్ళం మనం. ప్రష్యా సైన్యంలో 1824 నాటికే అధికారులకి పటం మీద యుద్ధం నేర్పే ఆట ఉండేది. హెచ్.జి. వెల్స్ 1913లో సీసపు సైనికులతో గది నేల మీద ఆడే ఆటకి నియమాలు రాసి, 'లిటిల్ వార్స్' అని పుస్తకం వేశాడు. నిజం యుద్ధాలకంటే ఈ ఆటే నయమని ఆయన వాదన. లోకం వినలేదు, మరుసటేడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. మా మనవడు మోజుపడిన ఆట మొదట ఇంగ్లండులో 1983లో వెలువడిన వార్‌హామర్ కుటుంబానిది. దాని పోటీ నియమాల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం సైన్యమంతటికీ రంగులు వేసుకుని వచ్చినవాడికి నూటికి పది మార్కులు ముందే వేస్తారట. దస్తూరీకి మార్కులు వేసే పద్ధతి మన బళ్ళలో పోయిందని నేను బాధపడుతుంటే, ఎక్కడో యుద్ధరంగంలో బతికి ఉంది!

బెండు సైన్యాలతో వారం రోజులు ఆడాం. వాడు నన్ను ఆరుసార్లు ఓడించాడు. ఏడోసారి నేను గెలిచేలా ఉంటే అన్నానికి పిలుపొచ్చింది. ఆట వాడికి నచ్చుతుందని తేలిపోయింది. అప్పుడు వాడు నోటుపుస్తకంలో చివరి పేజీ చూపించాడు.

"తాతయ్యా, ఒక పెట్టె ఉంది. అందులో రెండు సైన్యాలుంటాయి. ఒకటి కవచాలవాళ్ళు, ఇంకోటి పురుగులవాళ్ళు. పాచికలు, కొలబద్ద, నియమాల పుస్తకం అన్నీ అందులోనే. 6,400 రూపాయలు. ఇద్దరు కలిసి కొనుక్కుంటే తలా 3,200. అందరూ మొదట అలాగే మొదలెడతారు."

"బాగుంది. రెండోవాడెవడు?"

వాడు మాట్లాడలేదు. మా పెరటిగోడ వైపు చూశాడు.

ఆ గోడ సంగతి మీకు చెప్పాలి. గోడకి అవతల మా తమ్ముడి ఇల్లు. మా ఇద్దరికీ మాటలు లేక అప్పటికి పదకొండేళ్ళు. పొలాలు పంచుకున్నప్పుడు మధ్యన ఒక గట్టు మిగిలింది. దాని వెడల్పు నేను రెండు మూరలంటాను, వాడు మూరంటాడు. ఆ తేడా మూరెడు నేల మీద ఒక వేపచెట్టు. సర్వేయరు రెండుసార్లు వచ్చి గొలుసు లాగి రెండు రకాలుగా కొలిచాడు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. ఒకసారి మాట పెరిగి వాడు నన్ను "మేష్టరువై ఉండి దొంగలెక్కలా?" అన్నాడు. నేను వాణ్ణి అంతకంటే పెద్దమాటే అన్నాను. దాన్ని ఇక్కడ రాయను. ఆనాటినుంచి ఎదురుపడితే వాడు ఆకాశం చూస్తాడు, నేను చెప్పులు చూసుకుంటాను. కారెంపూడి కథ చెబుతున్నప్పుడు మా ఆవిడ లోపలినుంచి అంటించినది దీని గురించే.

అన్నట్టు, తోడికోడళ్ళిద్దరికీ మాటలు ఏనాడూ పోలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేం బజారుకి వెళ్ళిన వేళ గోడ మీదుగా గోంగూర పచ్చడి ఇటూ, ముక్కలపులుసు అటూ పదకొండేళ్ళుగా రాకపోకలు సాగిస్తూనే ఉన్నాయి. నేను లొట్టలేసుకుని తిన్న కూరలు ఎన్ని శత్రుదేశపువో ఆ భగవంతుడికే తెలియాలి.

ఇప్పుడు మా తమ్ముడి మనవడు, పదమూడేళ్ళవాడు, వినుకొండలో బడికి వెళుతున్నాడు. వీడూ వాడూ మేడల మీదనుంచి ఎప్పుడు స్నేహం చేశారో, ఎప్పుడు లెక్క కట్టారో మాకెవరికీ తెలియదు. "వాడి దగ్గర డబ్బులున్నాయి తాతయ్యా. వాళ్ళ తాతయ్య పత్తి అమ్మినప్పుడు ఇచ్చారట. వాడికి పురుగులవాళ్ళు చాలట" అన్నాడు.

నేను వెంటనే ఔననలేదు. వేరే పిల్లవాణ్ణి చూసుకోమన్నాను. "ఊళ్ళో ఇంకెవరికీ ఈ ఆట తెలియదు కదా" అన్నాడు. పోనీ పెట్టె మొత్తం మనమే కొందామంటే నా దగ్గర అంత లేదు. ఉందనే అనుకుందాం. "రెండు సైన్యాలూ నా దగ్గరే ఉంటే ఎవరితో యుద్ధం చెయ్యను?" అన్నాడు వాడు. నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్కకి నా దగ్గర జవాబు లేకపోయింది. మీరైతే ఏం చెప్పేవారు?

ఆ రాత్రి ఎక్కువసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారి నా పెన్షను నుంచి 800 తీసిచ్చాను. వాడి దగ్గర చుట్టాలిచ్చినవి 1,900 ఉన్నాయి. తక్కువ పడిన 500 మా ఆవిడ పోపులపెట్టె నుంచి వచ్చాయి. నాకు తెలిసి ఆ పెట్టె నుంచి యుద్ధనిధికి విరాళం వెళ్ళడం అదే మొదలు.

పెట్టె వచ్చింది. నా అరుగు మీద తెరిచారు. మొదటిరోజు అవతలివాడు గేటు దగ్గరే నిలబడి, "పెద్దతాతయ్యా, లోపలికి రావచ్చా?" అని అడిగాడు. పదమూడేళ్ళ పిల్లవాడు, నా తమ్ముడి పోలికే, నా ఇంటి గేటు దగ్గర అనుమతి అడుగుతున్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. "రారా, నీ ఇల్లే" అన్నాను. ఆ మాట అనేశాక, గోడ అవతలికి వినిపించి ఉంటుందా అని కూడా అనుకున్నాను.

పది రోజులు జిగురూ రంగులూ. మా ఆవిడ సంక్రాంతికి బొమ్మలకొలువు పెడుతుంది. ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న కొండపల్లి అంబారీ ఏనుగుకి రెండుసార్లు రంగు వెలిస్తే తనే వేసింది. ఇప్పుడు ఆవిడే గురువైంది. ముందు నల్లరంగు పూత, అది ఆరాక ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రం తేలికరంగు తుడిచినట్టు వెయ్యాలని చూపించింది. విరిగిన పురుగు కాలు ఒకటి జిగురుకి నిలవకపోతే, కొండపల్లి వాళ్ళలాగా చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి మక్కు చేసి అతికించింది. మామిడిపండ్ల అట్టపెట్టెలు కోటగోడలయ్యాయి. టీవీ పెట్టెలోని థర్మోకోలు కొండలైంది. దాని మీద జిగురు పూసి ఏటి ఇసుక చల్లితే అచ్చం మా వినుకొండ కొండలాగే ఉందని పిల్లలు మురిసిపోయారు. యుద్ధరంగం మొత్తానికి అయిన ఖర్చు సున్నా.

యుద్ధం ఆదివారం సాయంత్రం. ఎండ తగ్గాక అరుగు మీద బల్ల వేశారు. మా ఆవిడ తమలపాకులు నములుతూ గడపలో కూర్చుంది. గోడ మీద చెయ్యి ఆనించి మా మరదలు. ఇక దాపరికమేముంది! ఆట మంచి పట్టు మీద ఉండగా గేటు చప్పుడైంది. చూద్దును కదా, మా తమ్ముడు. మనవణ్ణి అన్నానికి పిలవడానికి వచ్చినట్టున్నాడు. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు.

సరిగ్గా అప్పుడే పిల్లల మధ్య తగవు వచ్చింది. మావాడి భటుడికీ అవతలి పురుగుకీ మధ్య దూరం పన్నెండంగుళాలు ఉంటే గురి అందుతుంది. మావాడు పన్నెండేనన్నాడు. వాడు పన్నెండున్నర అన్నాడు. టేపు పెట్టారు. ఒకడు బొమ్మ పీట అంచునుంచి కొలిస్తే రెండోవాడు దాన్ని కాస్త జరిపాడు. "నువ్వు జరిపావు", "నువ్వే జరిపావు" అని గొంతులు లేచాయి. అరంగుళం తగవు. నా గుండె ఝల్లుమంది. ఆ గొంతులు నాకు తెలుసు. ఆ ముక్కులు ఎర్రబడడమూ తెలుసు. మా తమ్ముడు గేటు పట్టుకుని కదలకుండా చూస్తున్నాడు.

అవతలివాడు అన్నాడు: "సరే, పాచిక వేద్దాం." చెరొకటి వేశారు. వాడికి నాలుగు, మావాడికి రెండు. "అందలేదు, పో" అన్నాడు వాడు. "సరే" అన్నాడు మావాడు. అంతే, ఆట సాగిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు మా తమ్ముడు గేటు దగ్గరనుంచి. ఎవరితో అన్నాడో తెలియదు. "ఎవరిది నిజమో తేలక్కర్లేదా?"

"కొలుస్తూ కూర్చుంటే ఆట ఆగిపోతుంది కదా తాతయ్యా. కుదరనప్పుడు పాచిక వెయ్యడమే, అందరూ అలాగే చేస్తారు" అన్నాడు వాడి మనవడు, తల కూడా ఎత్తకుండా.

అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ లేచి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి నాకిచ్చి, రెండోది అరుగు చివర పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయింది. మజ్జిగ గ్లాసు చెమర్చుతూ అక్కడే ఉంది. మా తమ్ముడు గేటు తీసుకుని వచ్చాడు. కూర్చున్నాడు. తాగాడు. బల్ల వైపే చూస్తూ, "ఇవేం పురుగుల్రా, మా పత్తికి పట్టిన గులాబీ పురుగుకంటే పెద్దవి!" అన్నాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. వాడు నా వైపు చూశాడు. ఆకాశం చూడలేదు.

కొంతసేపటికి, "మన చదరంగం కాయలు నా దగ్గరే ఉన్నాయన్నయ్యా" అన్నాడు.

మా నాన్న చదరంగం అది. పంపకాలప్పుడు కాయల సంచీ ఉన్న ట్రంకుపెట్టె వాడి వాటాకి వెళ్ళింది. చెక్కబల్ల నా వాటాలో పడింది. కాయలు లేని బల్ల ఎందుకని మా ఆవిడ దాన్ని ఊరగాయ జాడీ మీద మూతగా వాడుతోంది. బల్ల లేని కాయల్ని వాళ్ళింట్లో ఏం చేశారో నేనడగలేదు. సగం పెట్టెలు రెండు, పదకొండేళ్ళు, మధ్యన ఒక గోడ.

మర్నాడు సాయంత్రం సంచీతో వచ్చాడు. పరిచి చూస్తే నల్ల ఏనుగు ఒకటి లేదు. మా మనవళ్ళు పురుగొకటి అప్పిచ్చారు. ఆ ఏనుగు పురుగుతోనే మా తమ్ముడు నా రాజుని కట్టేశాడు.

గట్టు మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. మూరెడు నేలా అక్కడే ఉంది, వేపచెట్టూ అక్కడే ఉంది. తేలిందని నేనెలా చెప్పను? ఇప్పుడు మాత్రం దాని నీడలో కూర్చోవడానికి ఎవరమైనా వెళుతున్నాం.

మనవడు బెంగుళూరు వెళ్ళిపోయాడు. రెండు వేల పాయింట్లు పూర్తి కావాలంటే ఇంకా మూడేళ్ళు పడుతుందని ఫోనులో చెప్పాడు. నేనూ మా తమ్ముడూ కలిసి ఒక చిన్న చీటీ కట్టుకున్నాం, నెలకి నూటయాభై నాది, నూటయాభై వాడిది. ఒక నెల కవచాలవాళ్ళకి, ఒక నెల పురుగులవాళ్ళకి. తూకం సమానంగా ఉండాలి కదా.

నోటు పుస్తకంలో లెక్కలన్నీ సరిపోయాయి. ఒక్కటి మాత్రం మనవడికి చెప్పలేదు. మా ఆవిడ ఊరగాయ జాడీకి కొత్త మూత కొనుక్కుంది. ఆ ఖర్చు నేను సైన్యం పద్దులో వెయ్యలేదు.